ప్రైవేటులో వేయించామని చెప్పాను

తట్టు (మీజిల్స్) సోకిన మా పాపను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకొని పదకొండు వారాలు దాటింది. రాత్రిళ్ళు లేచి ఊపిరి సరిగ్గా ఆడుతోందా లేదా అని చెవి పెట్టి వినే అలవాటు ఈ మధ్యనే తగ్గింది కనుక ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాలంటే నేను ఆడిన ఒక అబద్ధం దగ్గర మొదలుపెట్టాలి, అది నాకు అంత తేలికగా లేదు.

మాది తెనాలి. ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇంట్లో అమ్మ, నా భార్య, బాబు, పాప. బాబు 2020 జూలై 14న పుట్టాడు. పుట్టగానే వేసే టీకాలు, ఆ తర్వాత నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు వేసే సూదులు అన్నీ వేళకే వేయించాం. మూడో విడత తర్వాత రెండు రోజులు 103 డిగ్రీల జ్వరం వచ్చింది, సూది వేసిన తొడ మీద ఉసిరికాయంత గడ్డ కట్టి మూడు వారాలు ఉండిపోయింది. టీకాల తర్వాత ఇలా జ్వరం రావడం, గడ్డ కట్టడం మామూలేనని నర్సమ్మ ముందే చెప్పింది, జ్వరం బిళ్ళ కూడా ఇచ్చింది. అయినా రాత్రంతా బిడ్డ ఏడుస్తుంటే ఒళ్ళో వేసుకొని తిరిగిన వాళ్ళకు ఆ మామూలు అన్న మాట ఆనదు. తర్వాతి టీకా తొమ్మిది నెలలు నిండాక, అంటే 2021 ఏప్రిల్ 14 తర్వాత వేయించాల్సిన తట్టు, రుబెల్లా (ఎంఆర్) సూది. ఆ ఏప్రిల్ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. మా వీధిలోనే ఇద్దరు పోయారు, ఆక్సిజన్ సిలిండరు కోసం మనుషులు పడిగాపులు కాస్తున్నారు. పసివాణ్ణి ఎత్తుకొని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే ధైర్యం మాకు లేకపోయింది. ఆ తప్పును ఇప్పటికీ నేను తప్పుగా లెక్కవేసుకోను.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. ఆగస్టుకల్లా ఊరు తేరుకుంది, మేము మాత్రం వెళ్ళలేదు. ఒకసారి జలుబు, ఒకసారి పెళ్ళి ప్రయాణం, ఒకసారి నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఇన్ని సూదులు అవసరమా అని ఎవరో పెద్దమనిషి గొంతుతో ఒక ఆడియో తిరిగింది. దాన్ని నేను నమ్మలేదు, కానీ వాయిదా వేయడానికి అది నాకు బాగా పనికొచ్చింది. టీకాలను వ్యతిరేకించే మనిషినని నన్ను నేను ఏనాడూ అనుకోలేదు. కోవిడ్ టీకాకు వరసలో నిలబడి రెండు డోసులూ వేయించుకున్నవాణ్ణి. అయినా నా కొడుకు చేతికి సూది పడలేదు.

2022 డిసెంబరులో ఒక బుధవారం మా వార్డులో టీకాలు వేసే నర్సు, ఏఎన్‌ఎం, గేటు దగ్గరికి వచ్చింది. అంతకు ముందు నెలలో ముంబైలో తట్టు వచ్చి పసిపిల్లలు చనిపోయిన వార్తలు పేపర్లలో వచ్చాయి. ఆమె చేతిలో టీకాలు పడాల్సిన పిల్లల డ్యూ లిస్టు ఉంది, అందులో మా బాబు పేరు ఉంది. నేను కాలేజీకి బయలుదేరుతూ బండి స్టార్టు చేసి ఉన్నాను. "సార్, బాబుకు ఎంఆర్ రెండు డోసులూ పెండింగ్ ఉన్నాయి, శనివారం అంగన్‌వాడీకి తీసుకురండి" అంది. "ప్రైవేటులో వేయించామమ్మా" అన్నాను. తేదీ అడిగింది. కార్డు అత్తగారింట్లో ఉందన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, గోడ మీద రిజిస్టరు ఆనించి ఏదో రాసుకొని వెళ్ళిపోయింది. మొత్తం కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది.

రెండో అబద్ధం మా చెల్లెలితో. ఆమె అమెరికాలో డాలస్‌లో ఉంటుంది, ఆమెకు 2024 ఆగస్టులో బాబు పుట్టాడు. 2025 మొదట్లో పశ్చిమ టెక్సస్‌లో తట్టు పుంజుకొని, ఫిబ్రవరి నెలాఖరులో టీకా వేయించుకోని ఒక బడిపిల్ల వయసు బిడ్డ చనిపోయినప్పటి నుంచి అక్కడ అందరూ దాని గురించే మాట్లాడుకునేవారు. ఉగాదికి ఇండియా వస్తున్నామని చెప్పగానే వాళ్ళ పిల్లల డాక్టరు ఏడు నెలల బిడ్డకు ముందుగానే ఒక డోసు వేశారట. మామూలుగా అక్కడ ఏడాది నిండాకే వేస్తారు. విదేశాలకు వెళ్ళే ఆరు నెలలు దాటిన పిల్లలకు మాత్రం ప్రయాణానికి ముందే అదనంగా ఒకటి వేస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది తర్వాత మళ్ళీ రెండూ వేయించాల్సిందే. ఆ సంగతి చెబుతూ ఫోనులో, "అన్నయ్యా, మనవాడికి రెండు డోసులూ అయ్యాయి కదా?" అని అడిగింది. "అన్నీ అయ్యాయమ్మా, నువ్వు బయలుదేరు" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు నాకు కోపం వచ్చింది. మనదేదో రోగాల దేశమన్నట్టు అడుగుతోందని ఆ రాత్రి నా భార్యతో అన్నాను కూడా.

మార్చి 22న చెల్లెలు దిగింది. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. బాబు ఎల్‌కేజీ, ఉదయం వ్యానులో వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవాడు. ఆ వ్యానులో ఒక పిల్లవాడు నాలుగైదు రోజులు కళ్ళు ఎర్రగా చేసుకొని దగ్గుతూ కూర్చున్నాడని, తర్వాత ఒంటి మీద పొక్కులు వస్తే వేడి చేసిందనుకొని ఇంట్లో ఉంచారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది మార్చి 26 ప్రాంతం. అప్పుడు మా ఇల్లంతా పండగ సందడి. పాపకు అప్పటికి ఐదున్నర నెలలు, 2024 అక్టోబరు 5న పుట్టింది. ఇద్దరు పసివాళ్ళనూ ఒకే చాప మీద పడుకోబెట్టి, బాబు వాళ్ళ మధ్య దూరి ఆడుతుంటే ఫోటోలు తీసుకున్నాం.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి. మధ్యాహ్నం నుంచి బాబుకు జ్వరం. పానకం ఎక్కువ తాగాడని అమ్మ, ఎండలో పందిరి దగ్గర తిరిగాడని నేను. మర్నాడు దగ్గర్లోని పిల్లల క్లినిక్‌కు తీసుకెళ్ళాను. టోకెన్ 23, గంటా పది నిమిషాలు హాల్లో కూర్చున్నాం. చంకల్లో పసిగుడ్లను పెట్టుకొని తల్లులు మా చుట్టూ ఉన్నారు. బాబు ముక్కు కారుతూ, దగ్గుతూ, వెలుతురు చూడలేక నా పొట్టలో ముఖం దాచుకుంటున్నాడు. లోపల ఉన్న డ్యూటీ డాక్టరు రెండు నిమిషాల్లో వైరల్ జ్వరమని సిరప్‌లు రాసిచ్చాడు. బుగ్గల లోపలికి టార్చి వేసి చూసి ఉంటే ఉప్పు రవ్వల్లాంటి తెల్లని మచ్చలు కనబడి ఉండేవేమోనని పెద్ద డాక్టరు తర్వాత అన్నారు. దద్దుర్లు రావడానికి ముందే తట్టును పట్టించే గుర్తు అదేనట. ఫీజు 400, మందులు 610.

9వ తేదీ ఉదయం చెవుల వెనక, నుదుటి మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. సాయంత్రానికి ముఖమంతా, మర్నాటికి వీపు, పొట్ట. అమ్మ చూసిన మరుక్షణం, "తట్టు పోసిందిరా, అమ్మవారు" అంది. ఇక ఇల్లు ఆమె చేతిలోకి వెళ్ళిపోయింది. గుమ్మానికి వేపమండలు, వంటింట్లో తాలింపు బంద్, బాబు పక్క మీద వేపాకు, చద్దన్నం, పెరుగు. ఇంట్లో అమ్మవారు ఉండగా సూదీ మందూ అనకూడదని, మూడు రోజులు పోయాక తలకు నీళ్ళు పోసి అప్పుడు చూద్దామని అంది. మా అమ్మది చదువు తక్కువ తప్ప మూర్ఖత్వం కాదు. ఆమె ఎడమ చేతి మీద రూపాయి బిళ్ళంత మశూచి టీకా మచ్చలు రెండున్నాయి. టీకాలవాళ్ళు ఊళ్ళోకి వస్తున్నారంటే వాళ్ళ నాయనమ్మ పిల్లల్ని ధాన్యం గాదెలో దాచేదని, తను దొరికిపోయింది కాబట్టి బతికిందని, గాదెలో దాగిన చిన్నాన్న కూతురికి తర్వాతి ఏడు పోసిందని ఆమే నాకు చిన్నప్పుడు చెప్పింది. ఆ కథ చెప్పిన మనిషే ఇప్పుడు గుమ్మానికి వేపమండలు కట్టి డాక్టరు దగ్గరికి వద్దంటే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి అడగడానికి నాకు నోరు రాలేదు. టీకా వేయించలేదన్న సంగతి బయటపడుతుందేమోనన్న భయం కూడా ఆ మూడు రోజులూ నన్ను అమ్మ పక్షానే ఉంచింది. చెల్లెలికి వేడి పొక్కులని చెప్పాను. అది మూడో అబద్ధం.

12వ తేదీ శనివారం బాబుకు కళ్ళు పూర్తిగా అతుక్కుపోయి, గుక్కతిప్పుకోకుండా దగ్గుతుంటే అమ్మ మాట కాదని బయలుదేరాం. క్లినిక్ మెట్లెక్కుతుండగానే కాంపౌండరు బాబు ముఖం చూసి చెయ్యడ్డం పెట్టి, "సార్, లోపలికి రావద్దు, ఆ చెట్టు కింద నిలబడండి" అన్నాడు. నలుగురిలో అలా అనేసరికి తల కొట్టేసినట్టయింది. పావుగంట తర్వాత పెద్ద డాక్టరు మాస్కు వేసుకొని ఆయనే బయటికి వచ్చారు. చెట్టు కిందే చూశారు. తట్టు ఉన్నవాళ్ళు వదిలిన గాలిలో ఆ క్రిమి రెండు గంటల వరకు బతికి ఉంటుందని, లోపల పసిపిల్లలున్నారని చెప్పారు. "టీకా వేయించారా?" అన్నారు. నా భార్య నా వైపు చూసింది. వేయించలేదని ఆ చెట్టు కింద మొదటిసారి నోరు విప్పి చెప్పాను.

తర్వాత ఆయన వేళ్ళు మడిచి లెక్క వేశారు. దద్దుర్లు 9న లేచాయి కాబట్టి, అంతకు నాలుగు రోజుల ముందు నుంచే, అంటే 5 నుంచే ఇతరులకు సోకుతుంది. దద్దుర్లు లేచాక మరో నాలుగు రోజులు, 13 దాకా. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగారు. పాప సంగతి చెప్పగానే ఆయన ముఖం మారింది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఈ వయసుకు చాలావరకు తగ్గిపోతుంది, టీకా వేసే తొమ్మిదో నెల ఇంకా రాలేదు. రోగి దగ్గర మసలిన మూడు రోజుల్లోగా టీకా వేయవచ్చు, ఆరు రోజుల్లోగా ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న ప్రతిరోధకాలు, ఇవ్వవచ్చు. 5 నుంచి ఆరు రోజులంటే 11. మేము వెళ్ళింది 12న. లెక్కల మాస్టారికి ఈ కూడిక ఇంకొకరు చెప్పనక్కరలేదు. దద్దుర్లు లేచిన నాడే వచ్చి ఉంటే ఇంకా రెండు రోజులు చేతిలో ఉండేవి. బాబుకు రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఆ రోజు ఒకటి, మర్నాడు ఒకటి వేశారు. అది తట్టుకు మందు కాదని, కళ్ళనూ ప్రాణాన్నీ కాపాడటానికని చెప్పారు. ఇక మీ పాపకు వస్తుందో రాదో ఎదురుచూడటమేనన్నారు. క్లినిక్ వాళ్ళు 7వ తేదీ ఓపీ పుస్తకం తీసి, ఆ ఉదయం హాల్లో ఉన్న ఏడాదిలోపు పిల్లలను వెతికారు. నలుగురున్నారు. వాళ్ళకైతే ఇంకొక్క రోజు గడువుంది. మేము చెట్టు కింద నిలబడి ఉండగానే కాంపౌండరు ఒక్కొక్కరికీ ఫోను చేయడం వినబడింది.

ఇంటికి వచ్చి చెల్లెలికి చెప్పాను. ఆమె అరవలేదు. "అడిగాను కదా అన్నయ్యా" అని మాత్రం అంది. గంటలో సామాను సర్దుకొని బిడ్డతో విజయవాడలో వాళ్ళ ఆడపడుచుకు ఖాళీగా ఉన్న ఫ్లాటుకు వెళ్ళిపోయింది. 21 రోజులు చూడాలని డాక్టరు చెప్పడంతో 19న ఉన్న తిరుగు టిక్కెట్టును మే 6కు మార్చుకుంది, దానికి 41 వేలు అయింది. ఇస్తానంటే తీసుకోలేదు. ఆమె బిడ్డకు ఏమీ కాలేదు. అంత చిన్న వయసులో వేసిన డోసు అందరికీ పట్టదు కాబట్టి అది టీకా చలవేనని కచ్చితంగా చెప్పలేమని డాక్టరు అన్నారు. అదే చాప మీద పక్కన పడుకున్న మా పాప సంగతి మాత్రం వేరుగా జరిగింది.

12 నుంచి 16 దాకా గడిచిన నాలుగు రోజులు ఆస్పత్రి రోజుల కంటే ఎక్కువ బాధపెట్టాయి. పాప నవ్వుతూనే ఉంది, పాలు తాగుతూనే ఉంది, మేము మూడు గంటలకొకసారి థర్మామీటరు పెడుతున్నాం. 16 రాత్రి 100.8. 19 సాయంత్రం చెవి వెనక మొదటి ఎర్ర మచ్చ. 21 తెల్లవారుజామున పాలు పట్టడం మానేసి డొక్కలెగరేయడం మొదలుపెట్టింది. గుంటూరు తీసుకెళ్ళాం. మొదట వెళ్ళిన పిల్లల ఆస్పత్రిలో విడి గది లేదని, తట్టు బిడ్డను ఐసీయూలో మిగతా పిల్లల మధ్య పెట్టలేమని బయటి నుంచే పంపేశారు. అప్పుడు తిట్టుకున్నాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళను తప్పుపట్టలేను. రెండో చోట గది దొరికేసరికి ఎనిమిదిన్నర. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 87 చూపించింది. న్యుమోనియా అన్నారు.

తొమ్మిది రోజులు. అందులో ఐదు రోజులు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఆ గొట్టం జారిపోకుండా రెండు బుగ్గల మీదా ప్లాస్టరు అంటించారు. మార్చిన ప్రతిసారీ దద్దుర్లతో ఒరిసిన చర్మం పొరలుగా దాంతోపాటు ఊడి వచ్చేది, ఏడవడానికి గొంతు లేక పాప నోరు మాత్రం తెరిచేది. నా భార్య తన పాలు పిండి చెంచాతో పడితే గంటకు రెండు మూడు చెంచాలు దిగేవి. లోపల ఒక్కరే ఉండాలి, ఆ మనిషి బయటి వరండాలో తిరగకూడదు. కాబట్టి ఆమె లోపల, నేను కింద మందుల షాపు మెట్ల మీద. బాబు ఇంట్లో అమ్మ దగ్గర. గది అద్దె రోజుకు 3,500, మొదటి రోజే 15 వేలు అడ్వాన్సు, చివరికి బిల్లు 92,600. ఆరోగ్య బీమా ఉంది కదా అని ధీమాగా కార్డు ఇస్తే, పాప పేరు పాలసీలో చేర్చలేదని తేలింది. పుట్టిన పిల్లలను మనమే రాసిచ్చి చేర్పించుకోవాలట. పాప పుట్టిన నెలలోనే ఆ ఫారం మెయిల్‌లో వచ్చి ఉంది, నేను తెరిచి చూడలేదు. వేయించని ఆ సూది ప్రభుత్వం ఊరికే వేస్తుంది.

మెట్ల మీద కూర్చున్న ఒక రాత్రి మందుల బిల్లు వెనక లెక్క వేశాను. ఎవరికీ రక్షణ లేని చోట తట్టు వచ్చిన ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది. అది ఒకరి కంటే ఎక్కువ మందికి అంటకుండా ఆగాలంటే 12 అయితే పన్నెండింట పదకొండు వంతులకు, 18 అయితే పద్దెనిమిదింట పదిహేడు వంతులకు రక్షణ ఉండాలి, అంటే 92 నుంచి 94 శాతం పైచిలుకు. అందరూ 95 అనడం అందుకే. మా బాబు సెక్షనులో 30 మంది. ఇద్దరికి రక్షణ లేకపోతే చాలు, 93కు దిగిపోతుంది. తొమ్మిదో నెలలో వేసే మొదటి డోసు నూటికి సుమారు 85 మందికే పడుతుంది, అందుకే ఏడాదిన్నర ప్రాంతంలో రెండోది. అంటే వేయించుకున్నా పట్టని వాళ్ళు, వయసు రాని వాళ్ళు, జబ్బుల వల్ల వేయకూడని వాళ్ళు కలిసి ఆ ఐదు శాతం ఖాళీని ముందే నింపేశారు, నాలాగా వాయిదాలు వేసేవాళ్ళకు అందులో చోటు లేదు. చాలామందికి రక్షణ ఉంటే జబ్బు పాకడం ఆగిపోయే దీన్నే హెర్డ్ ఇమ్యూనిటీ అంటారు, ఆ మాట కోవిడ్ రోజుల్లో నేనే క్లాసులో బోర్డు మీద వివరించాను. పిల్లలు బాగా అర్థమైందన్నారు.

23వ తేదీ మధ్యాహ్నం ఏఎన్‌ఎం ఫోను చేసింది. ఆస్పత్రి నుంచి కేసు సమాచారం వెళ్ళిందట. నేను బట్టలు తెచ్చుకోవడానికి తెనాలి వచ్చి ఉన్నాను. అరగంటలో ఆమె, ఆశా కార్యకర్త, ఒక మెడికల్ ఆఫీసరు ఇంటికి వచ్చారు. బాబు చేతి నుంచి రక్తం తీసి డబ్బాలో మంచు ప్యాకుల మధ్య పెట్టారు. ఎప్పుడు జ్వరం, ఎప్పుడు దద్దుర్లు, ఎక్కడెక్కడికి వెళ్ళారు అని అడుగుతూ రెండు పేజీల ఫారం నింపారు. ఏఎన్‌ఎం పాత రిజిస్టరు తెచ్చింది. అట్ట చిరిగి, బ్రౌన్ టేపు అంటించి ఉంది. పేజీలు తిప్పి మా బాబు వరస మీద వేలు పెట్టింది. ఎంఆర్ ఒకటి, ఎంఆర్ రెండు, రెండు గళ్ళలోనూ నీలి ఇంకుతో టిక్కులు, పక్కన చిన్న అక్షరాలతో 'ప్రైవేటు'. "మీరే చెప్పారు కదా సార్" అంది. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తన రాతలో తప్పు జరిగిందేమోనని చూసుకుంటున్నట్టుంది. ఆ డాక్టరు తలెత్తకుండానే, "ఈ వీధిలో కవరేజి వంద శాతం చూపిస్తోందమ్మా, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో" అన్నారు. తర్వాత రెండు రోజులు వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ఈసారి నోటిమాట కాకుండా కార్డు చూపమని అడిగారు. మా చుట్టుపక్కల ఒక్క డోసూ పడని పిల్లలు మరో ముగ్గురు తేలారు. ఒక ఇంటివాళ్ళు అద్దెకు కొత్తగా వచ్చారు. మిగతా ఇద్దరి తల్లిదండ్రులూ నాలాంటి చదువుకున్నవాళ్ళే. పోలికలో ఊరట వెతుక్కున్నాను గానీ దొరకలేదు.

ల్యాబు రిపోర్టు తొమ్మిది రోజులకు తట్టేనని వచ్చింది, అప్పటికి దానితో పని తీరిపోయింది. 25న ఆస్పత్రి మెట్ల మీద పేపరు చదువుతుంటే, ముందురోజు కేంద్ర ఆరోగ్య మంత్రి తట్టు, రుబెల్లాలను 2026 నాటికి దేశం నుంచి లేకుండా చేసే కార్యక్రమాన్ని ప్రారంభించారని, 2025 మొదటి మూడు నెలల్లో 332 జిల్లాల్లో ఒక్క తట్టు కేసూ లేదని ఉంది. సున్నా అన్న అంకె మీద చాలాసేపు చూపు నిలిచిపోయింది. నీలి ఇంకు టిక్కులు గుర్తొచ్చాయి. 26న ఆక్సిజన్ తీసేశారు, 29న ఇంటికి పంపారు. పాప బరువు 7 కిలోల 200 నుంచి 6 కిలోల 300కు పడిపోయింది.

జబ్బు తగ్గిందనుకున్నాక ఎదురైంది ఎవరూ ముందు చెప్పనిది. తట్టు ఒంట్లో అంతకు ముందు సంపాదించుకున్న రక్షణ జ్ఞాపకాన్ని కూడా కొంతవరకు చెరిపేస్తుందని, కొన్ని నెలలపాటు ఏ చిన్న జబ్బయినా తేలికగా పట్టుకుంటుందని డిశ్చార్జి రోజు డాక్టరు చెప్పారు. అన్నట్టే మేలో వారం రోజులు విరేచనాలు, జూన్ మొదట్లో చెవి కారడం. నెలకు నాలుగుసార్లు ఆస్పత్రి మెట్లెక్కాం. నేను మొత్తం 16 రోజులు సెలవు పెట్టాను. హాల్లో మా పక్కన కూర్చున్న నలుగురు పసివాళ్ళలో ఒకరికి తట్టు వచ్చిందని ఏఎన్‌ఎం ద్వారా తెలిసింది. ఎవరని అడిగితే చెప్పకూడదంది. "ఇంటి దగ్గరే తగ్గిపోయింది సార్, ఆస్పత్రి దాకా పోలేదు" అని మాత్రం చెప్పింది. ఆ ఇంటికి నా పేరు చెప్పారో లేదో అడగలేదు.

ఒకసారి వచ్చాక మళ్ళీ రాదు కదా, ఇక టీకా ఎందుకని మా బావమరిది అడిగాడు. నేనూ అదే అనుకున్నాను. సూదిలో రుబెల్లా కూడా ఉంటుందని, తట్టు వచ్చి తగ్గిన పిల్లలకు కూడా వేయించవచ్చని, వేయించాలని డాక్టరు స్పష్టంగా చెప్పారు. జూన్ 11 బుధవారం బాబును ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. పదిన్నరకు వెళితే పదకొండూ ఇరవై దాకా కూర్చోబెట్టారు. మందు పొడిగా ఉన్న చిన్న సీసా, దాన్ని నీళ్ళతో కలిపాక నాలుగు గంటల్లో వాడకపోతే పారేయాలి, ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది. అందుకని మరో ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తారేమోనని ఏఎన్‌ఎం చూసింది. చివరికి ఎవరూ రాలేదు. ఒక్కడి కోసమే సీసా మూత తీసింది. కుడి చేతి పైభాగంలో సన్నని సూది, బాబు 'అమ్మా' అని ఒక్కసారి అన్నాడు, అంతే. అరగంట అక్కడే ఉండమన్నారు. రాత్రి జ్వరం వస్తుందని మేమిద్దరం వంతులు వేసుకొని కూర్చున్నాం, రాలేదు.

జూలై 9న ఇద్దరినీ తీసుకెళ్ళాం, బాబుకు రెండోది, పాపకు మొదటిది. బాబుకు ఐదేళ్ళు నిండటానికి ఐదు రోజులే ఉంది, అది దాటితే తన పట్టికలో వాడికి గడి ఉండదని ఏఎన్‌ఎం అంది. ఈసారి అమ్మ కూడా వచ్చింది. పాపను తనే ఒళ్ళో పెట్టుకొని చేయి పట్టుకుంది. ఆ రోజు ఏడుగురు పిల్లలు. సూది అయ్యాక ఏఎన్‌ఎం పాత రిజిస్టరులో 'ప్రైవేటు' అన్నదాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన తేదీలు వేసి, నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను. పాపకు విటమిన్ ఎ చుక్కలు నోట్లో పోస్తే సగం ఉమ్మేసింది.

చెవి కారిన వైపు వినికిడి ఎలా ఉందో తేల్చుకోవడానికి జూలై 17న గుంటూరులో పరీక్ష చేయించాం, 1,800 తీసుకున్నారు. పాప నిద్రపోయి ఉండగా చేయాలి, రెండు గంటలు జోకొట్టినా నిద్రపోలేదు, చివరికి వెనుదిరుగుతుండగా మెట్ల మీద నిద్రపోతే మళ్ళీ పైకి ఎక్కాం. కుడి చెవి బాగుంది. ఎడమ చెవి లోపల ఇంకా నీరు ఉందని, అక్టోబరులో మళ్ళీ రమ్మన్నారు.